తోక బరువు తెచ్చిన తిప్పలు

నా రేడియో కంట్రోల్ స్పోర్ట్ విమానం నేల విడిచిన మరుక్షణమే ముక్కు పైకెత్తేది. దించుదామని స్టిక్‌ను కాస్త ముందుకు నెడితే ఒక్కసారిగా కిందికి దూకేది. లోపం ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ వంచే తోక పలక) ట్రిమ్‌లో, అంటే దాని తటస్థ స్థానపు సర్దుబాటులో, ఉందనుకుని రెండు రోజులు దానితోనే కుస్తీ పట్టాను. అది వృథా ప్రయాస.

చివరికి, 24 సెంటీమీటర్ల వెడల్పున్న ఆ తిన్నని రెక్క అడుగున, ముందంచుకు 6 సెంటీమీటర్ల వెనక, అంటే విమానం సమంగా తూగవలసిన 25 శాతం దగ్గర, రెండు వైపులా పెన్సిల్ గీతలు గీసి, వాటి కింద చూపుడువేళ్లు ఆనించి ఎత్తితే తోక చతికిలబడింది. వేళ్లను 9 సెంటీమీటర్ల దాకా జరిపితే గానీ విమానం సమంగా నిలవలేదు. తోక పలకలను కదిపే పొడవాటి కడ్డీల (పుష్‌రాడ్ల) బెడద తప్పుతుందని, రెక్క దగ్గర ఉండవలసిన రెండు సర్వోలను, అంటే ఆ పలకలను నడిపే చిన్న మోటార్లను, తోకలో బిగించిన ఘనత నాదే. ఒక్కొక్కటి 40 గ్రాములే అయినా, అంత దూరాన అవి చేసే చేటు చిన్నది కాదు.

సర్వోలను యథాస్థానానికి తెచ్చి, బ్యాటరీని ముందుకు జరిపి వెల్క్రో పట్టీతో బిగించాను. ఎలివేటర్ కదలికను తగ్గించి 30 శాతం ఎక్స్‌పో (స్టిక్ నడిమి భాగంలో స్పందనను మెత్తబరిచే సెట్టింగ్) పెట్టాను. కొన్ని ట్రాన్స్‌మిటర్లలో మెత్తదనానికి ప్లస్, మరికొన్నింటిలో మైనస్ ఇవ్వాలి కనుక ముందే సరిచూసుకోవాలి. తరువాతి ఎగురుడులో, తగినంత ఎత్తున ముక్కు వంచి స్టిక్ వదిలేస్తే, విమానం నిదానంగా తనంతట తానే తలెత్తుకుంది; తూకం కుదిరిందన్నమాట.