రాత్రి ప్రయాణంలో దూరపు రేడియో స్టేషన్లు పట్టడం: తిరుపతి, చిత్తూరు దారుల్లో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

రాత్రి బస్సులోనో రైల్లోనో చిన్న రేడియో తీసి, ఏఎం అని కూడా పిలిచే మీడియం వేవ్‌లో ముల్లు తిప్పేవాళ్లు ఇప్పుడు తక్కువ. తిప్పినవాళ్లు కూడా రెండు నిమిషాలు గరగర విని, రేడియో పాడైందనుకుని సంచిలో పెట్టేస్తారు. ఏళ్ల తరబడి తిరుపతి నుంచి బెంగళూరు, చెన్నై, విజయవాడ దారుల్లో రేడియో వెంటబెట్టుకుని తిరిగిన అనుభవంతో చెబుతున్నాను. చాలాసార్లు రేడియోకి ఏమీ కాదు. మనం దాన్ని పెట్టిన చోటు తప్పు, లేదా తిప్పిపెట్టిన దిక్కు తప్పు. వచ్చే చప్పుడు ఎలాంటిదో కాస్త ఓపిగ్గా వింటే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది.

ముందుగా కొన్ని అంకెలు దగ్గర ఉంచుకోండి. విజయవాడ 837, హైదరాబాద్ 738, విశాఖపట్నం 927, కడప 900, చెన్నై 720, బెంగళూరు 612. అన్నీ కిలోహెర్ట్జ్‌లలో. ఆకాశవాణి కేంద్రాలు దశాబ్దాలుగా వాడుతున్న మీడియం వేవ్ స్థానాలివి.

పగలు ఒకటి రెండు స్టేషన్లు తప్ప ఏమీ రావడం లేదు

ఇది లోపం కాదు. భూమికి సుమారు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో డి పొర అని ఒకటుంటుంది. ఎండ ఉన్నంతసేపు అది మీడియం వేవ్ తరంగాలను పీల్చేసుకుంటుంది. అందుకే పగలు నేలబారున వచ్చే దగ్గరి స్టేషన్లే వినిపిస్తాయి. పొద్దు గూకాక ఆ పొర దాదాపు కరిగిపోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరల దాకా వెళ్లి, అక్కడ తగిలి కిందికి వంగి, వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. తిరుపతి నుంచి గీత గీస్తే విశాఖ దాదాపు 600 కిలోమీటర్లు. పగలు ఆశ పెట్టుకోకండి, రాత్రి వెతకండి. సూర్యుడు అస్తమించిన అరగంట తర్వాత మొదలుపెట్టండి. తూర్పున ముందు చీకటి పడుతుంది కాబట్టి అటువైపు స్టేషన్లు ముందు తగులుతాయి, పడమటివి ఆ తర్వాత వస్తాయి.

ఏరియల్ మొత్తం లాగినా తేడా లేదు, పక్క స్టేషన్ మీద పడిపోతోంది

అందరూ చేసే పొరపాటు ఇదే, అందుకే దీని గురించి ఎక్కువ చెబుతాను. పైకి లాగే ఏరియల్ ఎఫ్ఎంకి, షార్ట్ వేవ్‌కి పనికొస్తుంది. మీడియం వేవ్‌కి దానితో పనిలేదు. మీడియం వేవ్‌ని పట్టేది రేడియో లోపల, ఎక్కువగా పైభాగంలో అడ్డంగా ఉండే నల్లటి ఫెర్రైట్ కడ్డీ. దాని మీద సన్నటి రాగి తీగ చుట్టి ఉంటుంది. ఈ కడ్డీకి దిక్కు పట్టింపు ఉంది. కడ్డీ నడుము స్టేషన్ వైపు ఉంటే సిగ్నల్ నిండుగా వస్తుంది. కొన స్టేషన్ వైపు ఉంటే బాగా పడిపోతుంది.

కొన వైపు సిగ్నల్ పడిపోవడమే మనకు చేతికందిన ఆయుధం. కావలసిన స్టేషన్‌ని పెంచడం కంటే అక్కర్లేని దాన్ని తొక్కిపెట్టడం తేలిక.

ఒకసారి బెంగళూరు నుంచి వస్తూ పలమనేరు దగ్గర టీ కోసం కారు ఆపాం. 738లో హైదరాబాద్ పాట వస్తోంది కానీ, 720లో ఉన్న చెన్నై మాటలు దాని మీద బరబరమని పడుతున్నాయి. చెన్నైది 200 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్, మనకు దగ్గర కూడా. రేడియోని టీ కొట్టు ముందున్న సిమెంటు అరుగు మీద పెట్టి, గడియారం ముల్లు తిప్పినట్టు మెల్లగా తిప్పాను. కడ్డీ కొనలు సరిగ్గా తూర్పు పడమరలకు వచ్చేసరికి చెన్నై గొంతు సన్నబడిపోయింది, హైదరాబాద్ పాట పైకి తేలింది. పక్కన కూర్చున్న పెద్దాయన "ఏం జేస్తివప్పా, ఇందాక ఇట్ల లేదే" అన్నాడు. నేను తిప్పింది ఒక పావు చుట్టు, అంతే.

పలమనేరులో ఇంత బాగా కుదరడానికి కారణముంది. అక్కడికి చెన్నై తూర్పున, బెంగళూరు పడమరన, కాస్త అటూఇటూగా ఒకే గీత మీద ఉంటాయి. కొనలు తూర్పు పడమరలకు పెడితే రెండు గట్టి స్టేషన్లూ ఒకేసారి అణుగుతాయి. హైదరాబాద్ నేరుగా ఉత్తరాన ఉంది కాబట్టి కడ్డీ నడుముకి ఎదురుగా వస్తుంది.

తిరుపతిలో లెక్క వేరు. అక్కడ చెన్నై ఆగ్నేయాన, కడప వాయవ్యాన, దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి. చెన్నైని తొక్కిపెడితే కడప కూడా తగ్గుతుంది, దానికి చేసేదేమీ లేదు. కానీ ఈశాన్యం వైపున్న విజయవాడ, విశాఖ అదే స్థితిలో నిండుగా వస్తాయి. తిరుపతిలో 837 కోసం వెతుకుతుంటే కడ్డీ కొన చెన్నై వైపు పెట్టి చూడండి. దిక్కులు తెలియకపోతే ఫోన్‌లో కంపాస్ చూసుకుని, ఆ ఫోన్‌ని వెంటనే దూరం పెట్టేయండి. అది కూడా గోల చేస్తుంది.

ఘాట్ రోడ్డులో మలుపు తిరిగినప్పుడల్లా స్టేషన్ తగ్గి పెరుగుతోంది

తిరుమల బస్సులోనో, మొగిలి ఘాట్‌లోనో ఇది జరిగితే చాలామంది కొండ అడ్డొచ్చిందనుకుంటారు. ఎఫ్ఎం అయితే నిజమే. మీడియం వేవ్‌కి మాత్రం కొండ అంత అడ్డం కాదు. 738 కిలోహెర్ట్జ్ అల పొడవే సుమారు 406 మీటర్లు, అది కొండను చుట్టుకుని వస్తుంది. పైగా రాత్రి సిగ్నల్ ఆకాశం నుంచి దిగుతుంది. జరిగేదేమిటంటే, బస్సుతోపాటు మీ చేతిలో రేడియో కూడా తిరుగుతోంది. ఒక మలుపులో కడ్డీ నడుము స్టేషన్ వైపు ఉంటే, తర్వాతి మలుపులో కొన వస్తుంది. బస్సు కుడికి తిరిగితే రేడియోని ఎడమకి తిప్పండి. నాలుగైదు మలుపులకే చేయి అలవాటు పడుతుంది.

ఇంకొకటి. బస్సు ఒళ్లంతా ఇనుము, లోపలికి వచ్చే సిగ్నల్ కిటికీలోంచే రావాలి. నడవా పక్క సీట్లో ఉంటే ఎంత తిప్పినా లాభం లేదు. కిటికీ సీటు అడగండి.

చెన్నై, కడప చక్కగా వస్తున్నాయి, హైదరాబాద్, విజయవాడ మాత్రం అస్సలు రావడం లేదు

అంకెలు కనిపించే డిజిటల్ రేడియోల్లోనూ, కొన్ని కారు స్టీరియోల్లోనూ వచ్చే సమస్య ఇది. దీన్ని పట్టుకోలేక చాలామంది సెట్టునే మార్చేస్తారు. 1975 జెనీవా ఒప్పందం ప్రకారం మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్. అమెరికాలో 10. సెట్టు అమెరికా లెక్కలో ఉంటే 720, 730, 740 అని దూకుతుంది. 720, 900 పదితో కూడా భాగించబడతాయి కాబట్టి చెన్నై, కడప సరిగ్గా దొరుకుతాయి. 738, 837, 927, 612 మీద అది ఆగనే ఆగదు.

సెట్టింగుల్లో ఏఎం స్టెప్‌ని 9కి మార్చండి. కొన్ని సెట్లలో రేడియో ఆపేసి ఒక బటన్ నొక్కి పట్టుకుంటే మారుతుంది, పద్ధతి దాని పుస్తకంలో ఉంటుంది. కారులో ఏరియా లేదా రీజియన్ అనే చోట చూడండి. సెట్టు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి తేలిక గుర్తు: తెర మీది అంకెల్ని కూడితే తొమ్మిది గుణిజం రావాలి. 8, 3, 7 కూడితే 18. ముల్లు డయల్ ఉన్న పాత సెట్లకు ఈ బాధే లేదు.

గుయ్‌మని ఒకటే మోత

స్టేషన్ల మధ్య కూడా ఆగకుండా మోత వస్తుంటే అది ఆకాశం నుంచి వచ్చేది కాదు, మీ చుట్టుపక్కలదే. కారులో మొదటి అనుమానం ఛార్జర్ మీద. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే ఫోన్ ఛార్జర్ ఊడదీసి చూడండి. తర్వాత డ్యాష్ కెమెరా. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ మోత సన్నగా పైకి వెళ్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ నుంచి, పెట్రోల్ బండిలో వేగంతోపాటు టపటపలు పెరుగుతుంటే స్పార్క్ ప్లగ్గుల నుంచి వస్తోంది. బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, పది అడుగులు దూరం నడిస్తే విడిపోతుంది.

లాడ్జి గదుల్లో నేను ఎక్కువ తిప్పలు పడ్డాను. తిరుపతిలో ఒక గదిలో లైటు ఆపాను, టీవీ స్విచ్ ఆపాను, ఛార్జర్ తీశాను, మోత తగ్గలేదు. చివరికి రేడియోని గోడ వెంట అంగుళం అంగుళం జరుపుతూ పోతే స్విచ్ బోర్డు దగ్గర చెవులు చిల్లులు పడేలా వచ్చింది. ఫ్యాన్ రెగ్యులేటర్ మూడు మీద ఉంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటుని కోసి కోసి పంపుతుంది, ఆ కోతే మోతగా వినిపిస్తుంది. ఐదు మీద పెట్టగానే చాలావరకు పోయింది. ఫ్యాన్ కట్టేస్తే పూర్తిగా నిశ్శబ్దం. మోత ఎక్కడుందో వెతకడానికి ఆ రేడియోకి మించిన పరికరం లేదు. ఎటు పెరుగుతుంటే అటు వెళ్లండి.

రైల్లో అయితే పై తీగల్లో 25,000 వోల్టులు, ఇంజిన్‌లో పవర్ ఎలక్ట్రానిక్స్. ఇంజిన్‌కి దగ్గరి బోగీల్లో మోత ఎక్కువగా ఉంటుంది. స్లీపర్‌లో కిటికీ పక్కన, ఊచలకు దగ్గరగా పెట్టి, అటూఇటూ జరిపి చూడండి. ఏసీ బోగీలో ఆశ తక్కువ. ఎట్టి పరిస్థితుల్లోనూ కిటికీలోంచి తీగ బయటకు వేయకండి. పైన తీగ ఉన్న రైలు మార్గంలో అది ప్రాణం తీస్తుంది.

వస్తూ పోతూ ఉంది, మధ్యలో గొంతు బొంగురుపోతోంది

ఒకే స్టేషన్ తరంగాలు రెండు మూడు దారుల్లో వచ్చి కలుస్తాయి. కలిసొస్తే గట్టిగా, ఎదురైతే సన్నగా వినిపిస్తుంది. పై పొరలు కదులుతుంటాయి కాబట్టి ఇది మారుతూనే ఉంటుంది. ఈ పై వాతావరణాన్ని మన పాకాల దగ్గరి గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల 53 మెగాహెర్ట్జ్ రాడార్‌తో గమనిస్తూ ఉంటుంది. చిత్తూరు బస్సులో ఆ వైపు వెళ్తూ రేడియో వింటుంటే నాకెప్పుడూ ఒళ్లు పులకరిస్తుంది.

పూర్తి మందు లేదు. గొంతు బొంగురుపోయినప్పుడు ముల్లుని స్టేషన్ నుంచి కొద్దిగా ఒక పక్కకు జరిపితే మాట కొంత స్పష్టమవుతుంది. నిమిషం ఆగండి, తిరిగొస్తుంది.

ఇందులోనే తిరుపతివాళ్లని తికమక పెట్టే సంగతి ఒకటుంది. పగలు శుభ్రంగా వచ్చే చెన్నై 720, రాత్రి కాగానే పాడవుతుంది, అదే సమయంలో దూరపు విజయవాడ బాగా వస్తుంది. ఎందుకంటే చెన్నై నుంచి నేలబారున వచ్చే తరంగం, ఆకాశం నుంచి దిగే తరంగం మన దగ్గర ఇంచుమించు సమానమై ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. రేడియోని తిప్పడంతోపాటు కాస్త వాల్చి చూడండి. రెండిటిలో ఒకటి తగ్గే కోణం దొరికితే మాట నిలబడుతుంది.

ఈల, హోరు, చిటపటలు

సన్నటి ఈల అంటే పక్కపక్క స్టేషన్లు రెండూ బలంగా వస్తున్నాయన్నమాట. మళ్లీ కొనతో ఒకదాన్ని అణచాలి. ఒక అంకె మీద మాటా పాటా లేకుండా ఎగుడుదిగుడు లేని హోరు వినిపిస్తే అది డీఆర్ఎం డిజిటల్ ప్రసారం కావచ్చు. ఆకాశవాణి కొన్ని మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లలో దాన్ని పంపుతోంది. మామూలు సెట్టులో అది హోరుగానే ఉంటుంది, సెట్టు తప్పు కాదు.

చిటపటలు మెరుపులవి. రాత్రి ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల మెరిసినా మనకు వినిపిస్తుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లోనూ, అక్టోబర్, నవంబర్ వానల్లోనూ మన వైపు బాగా ఎక్కువ. వాన వెలిసేదాకా ఆగడమే. వాల్యూమ్ పెంచగానే గొంతు తడబడుతుంటే మాత్రం సెల్లులు మార్చండి.

అన్నీ సరిగ్గా ఉన్నా ఆ స్టేషన్ లేనే లేదు

ముందు సమయం చూసుకోండి. చాలా ప్రాంతీయ కేంద్రాలు రాత్రి 11 దాటిన కాసేపటికి ప్రసారం ముగిస్తాయి. రెండోది, ఆకాశవాణి పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను కొన్నిచోట్ల ఆపేస్తూ వస్తోంది. రాత్రిపూట దేశమంతా వినిపించడానికి 1988లో మొదలైన నేషనల్ ఛానల్, నాగపూర్ 1000 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ మీద 1566 కిలోహెర్ట్జ్‌లో వచ్చేది, 2019లో మూతపడింది. పాత పట్టికలో ఉందని గంటలకొద్దీ వెతకకండి. మూడు రాత్రులు, వేర్వేరు చోట్ల, దిక్కు మార్చి మార్చి చూసినా జాడ లేకపోతే ఆ అంకె వదిలేయండి.

11 తర్వాత దగ్గరి కేంద్రాలు మౌనమయ్యాక, వాటి కింద అణిగి ఉన్న దూరపు స్టేషన్లు పైకి వస్తాయి. నేను ఆ వేళ 531 నుంచి 1602 దాకా ఒకసారి మెల్లగా తిప్పి, వినిపించిన భాష, అంకె, రేడియో కొన ఏ దిక్కుకి ఉందో చిన్న నోటుబుక్కులో రాసుకుంటాను. తెల్లవారుజామున ఇంకోసారి తిప్పుతాను. అప్పుడు తూర్పు స్టేషన్లు ముందు మసకబారతాయి, పడమటివి చివరిదాకా నిలుస్తాయి. ఆరు కాకముందే ఒక్కొక్క కేంద్రం ఆకాశవాణి సంకేత సంగీతంతో మళ్లీ లేస్తుంది. ఆ వాయులీనం తర్వాత వచ్చే మాటలోనే కేంద్రం పేరు చెబుతారు. అంతకుముందు రాత్రి పేరు తెలియక ప్రశ్న గుర్తు పెట్టుకున్న అంకె పక్కన ఆ పేరు రాసుకోండి.