ఓఎల్‌టీ వెనకాల రౌటర్: చిన్న ఆపరేటర్లకు పీపీపీఓఈ, రేడియస్ సెటప్

గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి లాంటి ఊళ్లలో కేబుల్ టీవీ కంట్రోల్ రూమ్ నుంచే ఇంటర్నెట్ కూడా ఇస్తున్న ఆపరేటర్లు ఉన్నారు. 8 పోర్టుల ఈపాన్ ఓఎల్‌టీ (ఇళ్ల ఫైబర్ లైన్లన్నీ వచ్చి చేరే పెట్టె), తగిన మైక్రోటిక్ రౌటర్, పక్కన ఫ్రీరేడియస్ (లాగిన్లు సరిచూసి వాడకం లెక్క రాసే రేడియస్ సాఫ్ట్‌వేర్) నడిచే సర్వర్: పోర్టుకు 64 చొప్పున 512 కనెక్షన్లు. కస్టమర్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లైన్‌లోకి వచ్చే పద్ధతి పీపీపీఓఈ. ఇక్కడ చెప్పేది ఆ సైజు నెట్‌వర్క్‌కే.

ఎవరు లైన్‌లో ఉన్నారో రౌటర్‌కు ఒక లెక్క ఉంటుంది, రేడియస్‌కు ఇంకో లెక్క ఉంటుంది. ఆ రెండూ తేడా పడ్డ రోజే కస్టమర్ల ఫోన్లు ఆగవు. కింది సెట్టింగుల్లో చాలావరకు ఆ రెండు లెక్కలూ కలిసి ఉండడానికే.

ముందు వీల్యాన్లు

ఓఎల్‌టీలోని ఒక్కో పాన్ (ఫైబర్) పోర్టుకు ఒక్కో వీల్యాన్ (ఒకే తీగ మీద విడిగా నడిచే నెట్‌వర్క్) ఇవ్వండి, 101 నుంచి 108 దాకా. అన్నీ ఒకే వీల్యాన్‌లో పెడితే ఒక ఇంట్లో కేబుల్ తప్పుగా గుచ్చి లూప్ పడ్డా ఊరంతా ఆగిపోతుంది. విడిగా ఉంటే ఆ పోర్టు వరకే పోతుంది, ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. ఓఎల్‌టీలో పోర్ట్ ఐసొలేషన్ ఆన్ చేయాలి, ఒక ఓఎన్‌యూ (కస్టమర్ ఇంట్లోని ఫైబర్ పెట్టె) ఇంకో ఓఎన్‌యూతో నేరుగా మాట్లాడకూడదు. లేకపోతే కస్టమర్ దగ్గరున్న ఏదో పెట్టె పీపీపీఓఈ సర్వర్‌లా జవాబిచ్చి పక్కింటివాళ్ల లాగిన్లు లాక్కుంటుంది.

రౌటర్‌లో ఈ వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌లకు ఐపీ అడ్రస్ పెట్టొద్దు. పీపీపీఓఈ సర్వర్ నడిచే ఇంటర్‌ఫేస్ ఖాళీగానే ఉండాలి.

సర్వర్, ప్రొఫైల్

పీపీపీ మెనూలో ఒక్కో వీల్యాన్ మీద ఒక్కో పీపీపీఓఈ సర్వర్ తెరవండి. మ్యాక్స్ ఎంటీయూ, మ్యాక్స్ ఎంఆర్‌యూ (పంపగల, అందుకోగల అతిపెద్ద ప్యాకెట్ సైజులు) రెండూ 1492. మామూలు ఈథర్‌నెట్ 1500 బైట్లలో పీపీపీఓఈ హెడర్లు 8 బైట్లు తీసుకుంటాయి కాబట్టి ఈ అంకె. 'వన్ సెషన్ పర్ హోస్ట్' తప్పకుండా టిక్ చేయండి. కరెంటు పోయి వచ్చాక అదే ఓఎన్‌యూ మళ్లీ లాగిన్ అయితే, రౌటర్ దాని పాత సెషన్‌ను మూసి కొత్తది తెరుస్తుంది.

ప్రొఫైల్‌లో 'చేంజ్ టీసీపీ ఎంఎస్ఎస్' (ప్యాకెట్‌లో పట్టేలా డేటా సైజు తగ్గించే ఆప్షన్) 'యస్' అని ఉండాలి. ఇది మరిస్తే వచ్చే ఫిర్యాదు వింతగా ఉంటుంది: యూట్యూబ్ బాగానే వస్తుంది, ఏదో ఒక బ్యాంకు సైటు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ సైటు పంపే పెద్ద ప్యాకెట్లు 1492లో పట్టవు, 'చిన్నవి పంపు' అని చెప్పే ఐసీఎంపీ జవాబును దారిలో ఏదో ఫైర్‌వాల్ ఆపేస్తుంది. కస్టమర్ విండోస్ కంప్యూటర్‌లో ముక్కలు చేయొద్దన్న ఆప్షన్‌తో పింగ్ కొట్టి చూడండి. 1464 సైజు దాటాలి, 1465 దాటకూడదు. 1464 కూడా దాటకపోతే మధ్యలో ఏదో స్విచ్ ఎంటీయూ తక్కువగా ఉంది.

ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయండి, అది ఇక్కడ ప్రాసెసర్‌ను తినడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఐపీ పూల్‌కు (కస్టమర్లకు పంచే అడ్రసుల గుంపు) 100.64.0.0/23 తీసుకోండి, 512 అడ్రసులు వస్తాయి. క్యారియర్ న్యాట్ (ఒక పబ్లిక్ ఐపీని చాలామంది కస్టమర్లకు పంచడం) కోసమే 2012లో కేటాయించిన రేంజ్ ఇది. 192.168 వాడితే కస్టమర్ ఇంటి వైఫై రౌటర్ లోపలి అడ్రస్‌తో గుద్దుకునే ప్రమాదం ఉంది.

స్పీడు

ప్లాన్ స్పీడు రేడియస్ నుంచి 'మైక్రోటిక్-రేట్-లిమిట్' అట్రిబ్యూట్‌తో పంపండి. అందులో మొదటి అంకె రౌటర్ అందుకునేది, అంటే కస్టమర్ అప్‌లోడ్. రెండోది డౌన్‌లోడ్. 20 అప్‌లోడ్, 50 డౌన్‌లోడ్ ప్లాన్‌కు ముందు 20 రాయాలి. తిరగేస్తే 50 కొన్నవాళ్లకు 20 వస్తుంది.

స్పీడు లిమిట్ అసలు పనిచేయడం లేదంటే ముందు ఫైర్‌వాల్ ఫిల్టర్ రూల్స్ చూడండి. కొన్ని పెట్టెల్లో కంపెనీ కాన్ఫిగరేషన్‌తోనే ఫాస్ట్‌ట్రాక్ రూల్ వస్తుంది. ఫాస్ట్‌ట్రాక్‌లో పడ్డ ప్యాకెట్లు స్పీడు లిమిట్ అమలు చేసే సింపుల్ క్యూలను దాటేసి పోతాయి. క్యూ కనిపిస్తూనే ఉంటుంది, దాంట్లో ట్రాఫిక్ ఉండదు. ఆ రూల్ డిసేబుల్ చేయండి.

రేడియస్: అసలు పని ఇక్కడే

ఆథెంటికేషన్ (లాగిన్ సరిచూడడం) 1812, అకౌంటింగ్ (వాడకం లెక్క) 1813, సీఓఏ (నడుస్తున్న సెషన్‌ను మార్చమని రేడియస్ పంపే ఆదేశం) 3799 పోర్టులు. పాత రౌటర్‌ఓఎస్‌లో సీఓఏ పోర్టు 1700గా ఉండొచ్చు, రెండు వైపులా ఒకటే పెట్టండి. సోర్స్ అడ్రస్ ఖాళీగా వదలొద్దు. రిక్వెస్ట్ ఇంకో ఐపీ నుంచి వెళ్తే ఫ్రీరేడియస్ 'ఈ క్లయింట్ ఎవరో తెలియదు' అని జవాబే ఇవ్వదు, రౌటర్‌లో మాత్రం టైమ్‌అవుట్ అని కనిపిస్తుంది. 2024లో బయటపడ్డ బ్లాస్ట్‌రేడియస్ లోపం కారణంగా రెండు వైపులా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, మెసేజ్-ఆథెంటికేటర్ (మెసేజ్ అసలైనదేనని చూపే ముద్ర) తప్పనిసరి చేయండి.

మైక్రోటిక్‌లో రేడియస్ టైమ్‌అవుట్ మామూలుగా 300 మిల్లీసెకన్లు. దాన్ని 3000 చేయండి. ఎండాకాలం సాయంత్రం ఫీడర్‌కు కరెంటు తిరిగి రాగానే వందల ఓఎన్‌యూలు ఒకేసారి లాగిన్ అడుగుతాయి. డేటాబేస్ అర సెకను ఆలస్యం చేస్తే చాలు, 300కే రౌటర్ చేతులెత్తేస్తుంది. ఓఎన్‌యూ మళ్లీ అడుగుతుంది, సర్వర్ మీద భారం ఇంకా పెరుగుతుంది, అరగంటైనా నెట్‌వర్క్ లేవదు. అకౌంటింగ్ టేబుల్‌లో యూజర్‌నేమ్, స్టాప్‌టైమ్ కాలమ్‌లకు ఇండెక్స్ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

ఇంటరిమ్ అప్‌డేట్ (సెషన్ నడుస్తుండగా రౌటర్ రేడియస్‌కు పంపే లెక్క) 10 నిమిషాలకోసారి. అంతకన్నా తగ్గించొద్దని రేడియస్ స్టాండర్డే చెబుతోంది.

ఇక నిలిచిపోయిన సెషన్లు. రౌటర్ ఒక్కసారిగా ఆగిపోతే అకౌంటింగ్ స్టాప్ మెసేజ్ వెళ్లదు. రేడియస్ లెక్కలో కస్టమర్ ఇంకా లైన్‌లోనే ఉంటాడు. ఒకేసారి ఒక్క లాగిన్ అన్న నియమం పెట్టి ఉంటే, అతని కొత్త లాగిన్ 'ఇప్పటికే ఉన్నాడు' అని తిరస్కరణకు గురవుతుంది. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా లాభం ఉండదు. వరుసగా మూడు అప్‌డేట్లు రాని సెషన్‌ను, అంటే 30 నిమిషాలు దాటినదాన్ని, మూసేసే చిన్న స్క్రిప్టు సర్వర్‌లో 5 నిమిషాలకోసారి నడవాలి.

డేటా లెక్కలో గిగావర్డ్స్ అట్రిబ్యూట్‌ను (కౌంటర్ ఎన్నిసార్లు తిరిగి మొదలైందో చెప్పేది) కూడా కలపండి. ఆక్టెట్స్ (బైట్లు) కౌంటర్ 32 బిట్లదే, 4 జీబీ దాటగానే సున్నా నుంచి మొదలవుతుంది.

గడువు తీరినవాళ్లు

లాగిన్ తిరస్కరిస్తే ఓఎన్‌యూ రోజంతా తలుపు కొడుతూనే ఉంటుంది, లాగ్ నిండిపోతుంది. లాగిన్ ఇచ్చి 100.64.8.0/22 లాంటి వేరే పూల్‌లో వేయడం మేలు. అక్కడ డీఎన్ఎస్, పేమెంట్ పేజీ మాత్రమే తెరిచి ఉంచండి. బలవంతంగా పేమెంట్ పేజీకి మళ్లిస్తే హెచ్‌టీటీపీఎస్ సైట్లలో సర్టిఫికెట్ హెచ్చరిక వచ్చి జనం భయపడతారు, గుర్తుచేయడానికి ఎస్ఎంఎస్ చాలు. రీచార్జ్ కాగానే రేడియస్ నుంచి డిస్కనెక్ట్ పంపాలి. మళ్లీ లాగిన్ అయ్యేటప్పుడు మామూలు పూల్ నుంచి అడ్రస్ వస్తుంది.

న్యాట్, రికార్డులు

ఒక పబ్లిక్ ఐపీని 64 మందికి పంచండి, మనిషికి 1000 పోర్టు నంబర్లు (ఇవి ఓఎల్‌టీ పోర్టులు కావు), 1024 నుంచి 65023 దాకా. 512 మందికి 8 ఐపీలు, అంటే మీ వైపు రూట్ చేసిన ఒక /29 సరిపోతుంది. ఏ లోపలి అడ్రస్‌కు ఏ పోర్టు నంబర్లు వెళ్తాయో ముందే ఖాయం కాబట్టి ప్రతి కనెక్షన్‌కూ లాగ్ రాసే పని తగ్గుతుంది. పోలీసులు ఐపీ, పోర్టు, సమయం ఇచ్చి అడిగితే ఆ పట్టిక, రేడియస్ అకౌంటింగ్ కలిపి చూస్తే పేరు దొరుకుతుంది. పోర్టు నంబరు లేకుండా అడిగితే 64 మందిలో ఎవరో చెప్పలేం. రౌటర్, సర్వర్ గడియారాలు రెండూ ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ నడిపే ఎన్‌టీపీ (సమయం చెప్పే) సర్వర్లతో కలిసి ఉండాలి. గడియారం పది నిమిషాలు తప్పితే సంబంధం లేని ఇంటి తలుపు కొడతారు. 2021 డిసెంబరులో టెలికాం శాఖ లైసెన్స్ షరతులు మార్చి ఈ రికార్డులు కనీసం 2 ఏళ్లు ఉంచాలంది. మీరు ఫ్రాంచైజీ అయితే ఎవరి దగ్గర ఉంచాలో మీ ఐఎస్‌పీతో కాగితం మీద తేల్చుకోండి.

పాత సెటప్ నుంచి మారేటప్పుడు ఒక్క పాన్ పోర్టుతో మొదలుపెట్టండి, రాత్రి 1 గంట తర్వాత. మర్నాడు రౌటర్‌లోని యాక్టివ్ సెషన్ల సంఖ్య, డేటాబేస్‌లో స్టాప్‌టైమ్ లేని వరుసల సంఖ్య పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రెండూ సరిపోయాకే 102 వీల్యాన్‌కు వెళ్లండి.