డైసీ పుస్తకంలో అధ్యాయాలు దొరకనప్పుడు
ఒంగోలు నుంచి నెల్లూరు రైల్లో వినడానికి ఫోన్‌లో వేసుకున్న డైసీ 2.02 పుస్తకంలో (చూపులేనివాళ్లు వినడానికి వీలుగా చేసే ఆడియో పుస్తకం) అధ్యాయాలు దొరకలేదు. పాటల ప్లేయర్‌లో ఎంపీ3లు మాత్రం వరసగా మోగాయి. అధ్యాయాల చిట్టా ఎన్‌సీసీ.హెచ్‌టీఎంఎల్ ఫైల్లో, ఆడియోలో ఎక్కణ్ణుంచి మొదలవాలన్నది స్మిల్ ఫైళ్లలో ఉంటాయి. ప్లేయర్ వాటిని పట్టించుకోదు. పుస్తకం వచ్చిన జిప్‌ ఫైలు మొత్తాన్నీ ఒకే ఫోల్డర్‌లోకి విప్పి, డైసీ చదివే యాప్‌లో తెరిస్తే సరిపోయింది. లోపలి ఫైళ్ల పేర్లు మాత్రం మార్చొద్దండీ, లింకులు తెగిపోతాయి.

ఇక ఇలాంటి పుస్తకాలు వెతికే లైబ్రరీ వెబ్ పేజీలో ఒక్కో లింకూ వినుకుంటూ పోతే తెల్లారుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌లో మూడు వేళ్లతో పైకి లేదా కిందికి జరుపుతూ 'హెడ్డింగ్స్' దగ్గర ఆగండి. తర్వాత ఒక వేలితో కిందికి జరిపితే నేరుగా తర్వాతి శీర్షికే. తెలుగు పేర్లు పలక్కపోతే, టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగుల్లో తెలుగు వాయిస్ దించుకోండి.