పిల్లల మనసు – ఐదో పాఠం: ఒక్కసారే అడగండి

ఇంతకుముందు చెప్పిన గ్లాసుల పాఠం చాలామందికి బెడిసికొట్టింది. రెండు పొట్టి గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదాంట్లోవి పొడుగు గ్లాసులోకి మార్చి, ఎందులో ఎక్కువున్నాయో పిల్లల్ని అడగమన్నాను. నీళ్లు సన్నటి పొడుగు గ్లాసులో పోయగానే పిల్ల "ఇందులోనే ఎక్కువ" అంది. అక్కడితో ఆగకుండా "సరిగ్గా చూడు, మళ్లీ చెప్పు" అన్నారు. మూడోసారికి పిల్ల ఏడ్చేసిందని చీపురుపల్లి నుంచి ఒకమ్మ రాశారు. అది నీళ్లు కొలవడం నేర్పే ఆట కాదమ్మా. గ్లాసు మారినా నీళ్లు అంతేనన్న తెలివి ఏడేళ్లు దగ్గరపడేసరికి దానంతటదే వస్తుందని పిల్లల ఆలోచనను పరిశీలించిన స్విస్ శాస్త్రవేత్త పియాజే ఏనాడో చెప్పాడు. అంతకన్నా చిన్న వయసులో తనకేం కనిపిస్తోందో మనం వినాలి, అంతే.

పెద్దవాళ్లు అదే ప్రశ్న మళ్లీ అడిగితే, ముందు చెప్పింది తప్పేమోనని పిల్లలు జవాబు మార్చేస్తారు. సుసాన్ రోజ్, మారియన్ బ్లాంక్ అనే పరిశోధకులు 1974లో ఒకటో తరగతి పిల్లలతో ఇలాంటి ఆటే ఆడించి చూశారు. ఒక్కసారే అడిగితే సరైన జవాబులు పెరిగాయి.

ఇంట్లో చూడండి. "కప్పు ఎవరు పగలగొట్టారు?" "నేను కాదు." "నిజం చెప్పు." "తమ్ముడు." "నిజం చెప్పమన్నానా!" "నేనే." ఆ మూడో మాట నిజమో, మీ మొహం చూసి అన్నదో ఇక తేలదు. బడి నుంచి రాగానే "ఎవరైనా కొట్టారా? నిజంగా? కొట్టారా?" అంటే, ఎవరూ కొట్టకపోయినా ఏదో ఒక పేరు చెప్పే పిల్లలుంటారు. ఆ పేరు పట్టుకుని మీరు పక్కింటికి గొడవకెళ్తారు. దయచేసి ఈ అలవాటు మానండి.

ఇవాళ్టి ఆట చిన్నది. పలాస జీడిపప్పు డబ్బాలో దారపు ఉండలు పెట్టండి. ఏముందో అడిగి, మూత తీసి చూపించి, మూసేయండి. "ఇది చూడని తాతయ్య లోపల ఏముందనుకుంటారు?" మూడేళ్లవాళ్లు ఎక్కువగా "దారం" అంటారు. ఐదు వచ్చేసరికి చాలామంది "జీడిపప్పు" అంటారు. మూడేళ్లంటే తనకు తెలిసింది అందరికీ తెలుసనుకునే వయసు. అందుకే అమ్మమ్మ ఫోన్లో "తిన్నావా?" అంటే తల ఊపి ఊరుకుంటారు. పక్క గదిలోంచి "అమ్మా, ఇదేటి?" అని అడిగి, మీరు చెప్పకపోతే అలుగుతారు. అది మొండితనం కాదు.

సాధన: వారం రోజులు ఏ ప్రశ్నా రెండోసారి అడగొద్దు, "అన్నం తింటావా" కూడా. వాళ్ల జవాబు నోట్‌బుక్‌లో ఉన్నదున్నట్టు రాయండి. "నాకేటి తెల్దు" అంటే అలాగే ఉండాలి, దిద్దొద్దు. ఫోన్లో రికార్డు చేయడం మాత్రం నాకు నచ్చదు, ఫోన్ కనబడగానే పిల్లలు మాట మార్చేస్తారు.