ఫైటర్, మేజ్ క్లాసులను ఎలా కలపాలి? రెంటికీ చెడ్డ రేవడి కాకుండా

సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం. మా ఇంటి ఆడవాళ్లంతా బతుకమ్మలు ఎత్తుకొని పద్మాక్షి గుట్ట వైపు వెళ్లిపోయారు. హన్మకొండ ఇంట్లో మిగిలిన నలుగురం చాప పరిచి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) మొదలుపెట్టాం. తలా ఒక క్యారెక్టర్‌గా మారి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది. ఆట నడిపించే డీఎం నేనే. స్పెల్ స్లాట్ల, అంటే మంత్రాలు వేసే వంతుల లెక్క కోసం మంత్రాలున్న ప్రతివాడి ముందూ చింతగింజలు పెట్టాం. స్లాట్ వాడినప్పుడల్లా ఒక గింజ గిన్నెలో వేయాలి.

మా చిన్నమ్మ కొడుకు ఆ రోజు తెచ్చుకున్న క్యారెక్టర్ మూడు లెవల్స్ ఫైటర్, మూడు లెవల్స్ విజర్డ్. క్లాసు అంటే క్యారెక్టర్ వృత్తి, లెవల్ అంటే అందులో ఎక్కిన మెట్టు. ఫైటర్ కత్తి పట్టి కొట్లాడేవాడు, విజర్డ్ మంత్రాలేసే మేజ్. కాగితం మీద చూస్తే భలేగా ఉంది. కత్తి, డాలు, ఇనుప కవచం, వాటి మీద మంత్రాలు. గోబ్లిన్లనే చిన్న రాక్షసుల గుంపు ఎదురైంది. పక్కనున్న ఫైటర్ టర్న్‌కు రెండు దెబ్బలు కొడుతున్నాడు. విజర్డ్ ఒక్క ఫైర్‌బాల్‌తో సగం గుంపును కాల్చేశాడు. మావాడిది మాత్రం టర్న్‌కు ఒక్కటే కత్తి దెబ్బ, అదీ ఒకసారి తప్పింది. మూడో రౌండ్‌లో తన గింజలు చూసుకుంటూ అన్నాడు: "అన్నా, నా దగ్గర రెండూ ఉన్నయి గదా, మరి ఒక్కటే ఎందుకు చెయ్యనిస్తున్నవ్?"

వాడి ప్రశ్నలో న్యాయం ఉంది. కత్తీ మంత్రమూ రెండూ కావాలనే ఆశ ఈ ఆటంత పాతది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన తొలి పుస్తకాల్లోనే ఎల్ఫ్ అనే జాతి క్యారెక్టర్లకు ఫైటర్, మేజ్ పాత్రల మధ్య మారే వీలు ఇచ్చారు. ఆశ తప్పు కాదు, కలిపే పద్ధతిలోనే తేడా వస్తుంది.

1. ముందు ఏ ఆట ఆడుతున్నారో చూసుకోండి

ఒక ఆటలో పనికొచ్చిన సలహా ఇంకో ఆటలో ముంచేస్తుంది. 1998 నాటి బాల్డర్స్ గేట్ అనే కంప్యూటర్ ఆటలో మనిషి జాతి క్యారెక్టర్లు రెండు క్లాసులు ఒకేసారి నడపలేరు. మొదటి క్లాసును వదిలి రెండోది పట్టుకోవాలి, రెండోది మొదటిదాన్ని దాటేదాకా పాత విద్యలు పనిచేయవు. స్కైరిమ్ అనే ఇంకో కంప్యూటర్ ఆటలో అసలు క్లాసులే లేవు, ఏది వాడితే అదే పెరుగుతుంది. కాబట్టి అక్కడ ఈ తలనొప్పి లేదు. నేను చెప్పేదంతా 2014లో వచ్చిన డీ అండ్ డీ ఐదో ఎడిషన్ రూల్స్ గురించి. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 కూడా ఆ రూల్స్ మీదే నిలబడింది, కొన్ని మార్పులతో.

2. మీ టర్న్‌లో ఏం చేస్తారో రాసుకోండి

అసలు కిటుకు ఇక్కడే ఉంది. టర్న్‌కు మీకు దొరికేది ఒక యాక్షన్. దాంతోపాటు, వాడేందుకు ఏమైనా ఉంటే ఒక బోనస్ యాక్షన్. ఇవి కాక రౌండ్‌కు ఒక రియాక్షన్, అంటే ఎదుటివాడు చేసినదానికి అప్పటికప్పుడు ఇచ్చే బదులు. కత్తి దూయడం యాక్షనే, ఫైర్‌బాల్ వేయడమూ యాక్షనే. రెండు క్లాసులు కలిపితే ఏది చేయాలో ఎంచుకునే వీలు పెరుగుతుంది, యాక్షన్లు పెరగవు. మా తమ్ముడి ప్రశ్నకు జవాబు ఇదే.

అందుకని రెండో క్లాసు నుంచి యాక్షన్ ఖర్చు కానివే తీసుకోండి. ఫైటర్ నుంచైతే కవచం, డాలు వాడే అర్హత ఊరికే వస్తుంది. సెకండ్ విండ్ బోనస్ యాక్షన్‌తో కొంత ప్రాణం తిరిగి ఇస్తుంది. రెండో లెవల్‌లో వచ్చే యాక్షన్ సర్జ్ ఏకంగా ఇంకో యాక్షనే ఇస్తుంది. విజర్డ్ నుంచైతే షీల్డ్ అనే మంత్రం. రియాక్షన్‌గా వేస్తే మీ తర్వాతి టర్న్ వచ్చేదాకా ఆర్మర్ క్లాస్, అంటే మీకు దెబ్బ తగలాలంటే శత్రువు పాచికతో చేరాల్సిన అంకె, 5 పెరుగుతుంది. ఇలాంటివి ఏరుకుంటే కలిపినందుకు ఫలితం ఉంటుంది. మీ డీఎం 2024లో సవరించిన రూల్స్ వాడుతుంటే ఒక్క మాట: యాక్షన్ సర్జ్‌తో వచ్చే అదనపు యాక్షన్‌ను మంత్రం వేయడానికి వాడనివ్వరు.

3. పత్తి ఏదో, కంది ఏదో తేల్చుకోండి

మా వైపు పత్తి చేలల్లో కొన్ని సాళ్లకొకటి కంది సాలు పెడతారు. చేను చూసినవాడు దాన్ని పత్తి చేను అనే అంటాడు. క్లాసులనూ అలాగే కలపాలి. ఒకటి అసలు పంట, రెండోది అంతర పంట. సగం సగం వేస్తే ఏం జరుగుతుందో మా చాప మీదే చూశాం.

కారణం ఐదో లెవల్. ఫైటర్‌కు ఐదో లెవల్‌లో టర్న్‌కు రెండో దెబ్బ వస్తుంది. విజర్డ్‌కు ఐదో లెవల్‌లో మూడో స్థాయి మంత్రాలు వస్తాయి, ఫైర్‌బాల్ అందులోదే: ఆరు ముఖాల పాచికలు ఎనిమిది, సగటున 28 డ్యామేజ్, అదీ ఒక గుంపు మొత్తానికి. ఇవి ఆ క్లాసులో లెవల్ ఐదైతేనే వస్తాయి, మొత్తం లెవల్ లెక్కలోకి రాదు. మూడు, మూడు చొప్పున పంచుకున్నవాడికి ఆరో లెవల్‌లో కూడా ఈ రెండింటిలో ఒక్కటీ ఉండదు.

చింతగింజల్లో చెప్పాలంటే, ఆరో లెవల్ పూర్తి విజర్డ్ ముందు పది గింజలుంటాయి. ఒక లెవల్ ఫైటర్, ఐదు లెవల్స్ విజర్డ్ అయితే తొమ్మిది. మా తమ్ముడి ముందు ఆరే, అందులో మూడో స్థాయిది ఒక్కటీ లేదు.

అసలు పంట మేజ్ అయితే నేను చెప్పే దారి ఒక్కటే. మొదటి లెవల్ ఫైటర్, ఆ తర్వాత వరసగా ఐదు విజర్డ్. ఈ వరస తప్పకూడదు. ఫైటర్‌తో మొదలుపెట్టినవాడికే భారీ కవచం వాడే అర్హత దొరుకుతుంది, మధ్యలో ఫైటర్‌లోకి వస్తే దొరకదు. పైగా కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) సేవింగ్ త్రోలో, అంటే ఆపదను తట్టుకోవడానికి వేసే పాచికలో, ప్రావీణ్యం వస్తుంది. దీని విలువ మొదట్లో నాకూ అర్థం కాలేదు. కాన్సంట్రేషన్ అవసరమైన, అంటే వేశాక కూడా మనసు నిలిపితేనే కొనసాగే మంత్రం నడుస్తుండగా దెబ్బ తగిలితే పాచిక వేసి కనీసం 10 తెచ్చుకోవాలి. డ్యామేజ్‌లో సగం పదికి మించితే అంత తెచ్చుకోవాలి. కాన్‌స్టిట్యూషన్ ప్లస్ 2 ఉన్న ఆరో లెవల్ విజర్డ్ చిన్న దెబ్బలకు వందలో 65 సార్లు నిలబడతాడు. ఫైటర్‌తో మొదలుపెట్టినవాడు 80 సార్లు.

చెయిన్ మెయిల్ అనే భారీ కవచానికి 16, డాలుకు 2, ఫైటర్‌కు వచ్చే డిఫెన్స్ స్టైల్‌కు 1, మొత్తం ఆర్మర్ క్లాస్ 19. షీల్డ్ మంత్రం వేస్తే 24. హిట్ పాయింట్లు, అంటే ప్రాణం, పూర్తి విజర్డ్‌కు 38 అయితే ఇతనికి 42. ఇంతటికీ పోగొట్టుకున్నది ఒక గింజ, కొత్త మంత్రాలు ఒక లెవల్ ఆలస్యంగా రావడం. బేరం బాగానే ఉంది.

అసలు పంట ఫైటర్ అయితే ముందు ఐదు లెవల్స్ ఫైటర్ పూర్తిచేయండి. తర్వాత ఒకటో రెండో విజర్డ్. ఫైర్ బోల్ట్ లాంటి చిన్న మంత్రాలు మొత్తం లెవల్‌ను బట్టి పెరుగుతాయి కాబట్టి, ఒక్క లెవల్ విజర్డ్‌తోనే అవి పూర్తి బలంతో పనిచేస్తాయి.

4. ఎబిలిటీ స్కోర్లు సరిపోతాయా?

ఎబిలిటీ స్కోర్లంటే క్యారెక్టర్ బలం, చురుకు, తెలివి లాంటివాటికి ఇచ్చే అంకెలు. టేబుల్ మీద ఆడేటప్పుడు ఫైటర్‌తో కలపాలంటే స్ట్రెంగ్త్ (బలం) లేదా డెక్స్‌టెరిటీ (చురుకు) 13, విజర్డ్‌తో కలపాలంటే ఇంటెలిజెన్స్ (తెలివి) 13 ఉండాలి. మామూలుగా ఇచ్చే 15, 14, 13, 12, 10, 8 అంకెల్లో మేజ్ అసలు పంట అయితే 15 ఇంటెలిజెన్స్‌కు, 14 కాన్‌స్టిట్యూషన్‌కు, 13 స్ట్రెంగ్త్‌కు పెట్టండి. స్ట్రెంగ్త్ 13 లేకపోతే చెయిన్ మెయిల్ వేసుకున్నవాడి నడక పది అడుగులు తగ్గుతుంది.

5. చేతులు లెక్కపెట్టండి

నవ్వకండి, చాలామంది ఇక్కడే దొరికిపోతారు. చాలా మంత్రాలకు చేతి సైగ కావాలి, అంటే ఒక చేయి ఖాళీగా ఉండాలి. కుడిచేతిలో కత్తి, ఎడమచేతిలో డాలు ఉంటే సైగ ఏ చేత్తో చేస్తారు? షీల్డ్ మంత్రానికీ సైగ కావాల్సిందే. మా తమ్ముడికి ఆ రాత్రి ఈ రూల్ నేను చెప్పనే లేదు, అప్పటికే వాడి ముఖం మాడిపోయి ఉంది. మేజ్ ప్రధానమైతే కత్తి ఒరలోనే ఉంచి డాలుతో సరిపెట్టుకోండి. రెండూ పట్టుకునే ఉండాలంటే వార్ క్యాస్టర్ అనే ఫీట్ (అదనపు నైపుణ్యం) తీసుకోండి. అది ఉంటే రెండు చేతులూ నిండి ఉన్నా సైగ చెల్లుతుంది, కాన్సంట్రేషన్ నిలిపే సేవింగ్ త్రోకు అడ్వాంటేజ్ కూడా వస్తుంది, అంటే పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవచ్చు.

6. కలపకుండానే పని అవుతుందేమో చూడండి

నన్నడిగితే కొత్తగా ఆడేవాళ్లకు ఇదే మంచిది. ఎల్‌డ్రిచ్ నైట్ అనే ఫైటర్ సబ్‌క్లాస్‌లో (క్లాసులోని ఒక శాఖలో) మూడో లెవల్ నుంచే మంత్రాలొస్తాయి. అవి నెమ్మదిగా పెరుగుతాయి కానీ ఐదో లెవల్ రెండో దెబ్బ ఎక్కడికీ పోదు. అటునుంచి చూస్తే బ్లేడ్‌సింగర్ అనే విజర్డ్ ఉన్నాడు. భారీ కవచం, డాలు ముట్టడు, తెలివితోనే దెబ్బలు తప్పించుకుంటాడు. ఆరో లెవల్‌లో టర్న్‌కు రెండు దెబ్బలు కొడతాడు, అందులో ఒకదాని బదులు చిన్న మంత్రం వేయొచ్చు. మా తమ్ముడు అడిగింది అచ్చంగా ఇదే, తప్పు క్లాసులో అడిగాడంతే.

7. ఖర్చు లేకుండా పరీక్షించండి

బాల్డర్స్ గేట్ 3 ఉంటే పని సులువు. క్యాంప్‌లో ఉండే విథర్స్ అనే పాత్రకు 100 బంగారు నాణేలిస్తే క్లాసులు మొదటి నుంచి మార్చిపెడతాడు. అక్కడ ఎబిలిటీ స్కోర్ 13 ఉండాలనే షరతు లేదు, లెవల్ 12 తోనే ఆగిపోతుంది. ఎక్స్‌ప్లోరర్ మోడ్‌లో మాత్రం క్లాసులు కలపనివ్వదు. బ్లేడ్‌సింగర్ 2025లో వచ్చిన ఎనిమిదో ప్యాచ్ (అప్‌డేట్)తో అందులోనూ చేరాడు.

కంప్యూటర్ లేకపోతే కాగితం చాలు. ఆర్మర్ క్లాస్ 15, హిట్ పాయింట్లు ఏడు చొప్పున నాలుగు గోబ్లిన్లను గీసుకోండి. మీ క్యారెక్టర్‌తో మూడు రౌండ్లు ఒక్కరే ఆడి, ప్రతి టర్న్‌లో యాక్షన్, బోనస్ యాక్షన్, రియాక్షన్ దేనికి పోయాయో మూడు గడుల్లో రాయండి. రెండో క్లాసు పేరు ఒక్క గడిలోనూ కనబడకపోతే, కవచంలా ఊరికే వచ్చే లాభమూ లేకపోతే, మూడు రౌండ్లూ ఏ పనీ చేయకుండా ఊరికే భారం అయిందన్నమాట, తీసేయండి.

మా తమ్ముడు ఆ రాత్రే ఈ లెక్క వేశాడు. ఆడవాళ్లు బతుకమ్మలు సాగనంపి, మలీద ముద్దలు పట్టుకొని తిరిగొచ్చేసరికి వాడు షీట్ మీద మూడు, మూడు అంకెలు కొట్టేసి ఒకటి, ఐదు రాసుకున్నాడు. నా ముందున్న డబ్బాలోంచి ఇంకో మూడు చింతగింజలు లెక్కపెట్టి మరీ తీసుకున్నాడు.