దసరా సరుకు దిగేలోపు: నడుముకు ఎక్సోస్కెలిటన్ కట్టుకునేవారికి జాగ్రత్తలు

ఎక్సోస్కెలిటన్ అంటే వంగి లేచేటప్పుడు నడుముకు ఆసరాగా ఒంటికి కట్టుకునే చట్రం. అందులో స్ప్రింగుతో పనిచేసే రకం తెప్పించిన గోడౌన్లు, లారీలు వరస కట్టకముందే ఇవి చూసుకోవాలి.

– బరువు పెంచొద్దు. నిన్నటిదాకా 20 కిలోల పెట్టె ఎత్తినవారు ఇప్పుడూ అంతే ఎత్తాలి. స్ప్రింగు నడుము కండరాల భారంలో కొంతే పంచుకుంటుంది. మోకాళ్లకు, భుజాలకు, మణికట్టుకు ఏ సాయమూ చేయదు. మేస్త్రీలు ఈ మాట ముందే గట్టిగా చెప్పాలి.

– బెల్టు పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద కూర్చోవాలి. పైకి జరిగితే స్ప్రింగు ఇరుసు తుంటి కీలుకు ఎదురుగా ఉండదు. వంగిన ప్రతిసారీ తొడ ప్యాడు జారి చర్మం ఒరుసుకుపోతుంది. కట్టాక పదిసార్లు వంగి లేచి చూడండి. విప్పాక ఎర్రటి గుర్తు తొందరగా పోకపోతే పట్టీలు మళ్లీ సర్దాలి.

– వేలాడే పట్టీ కొసలు లోపలికి దోపండి. కన్వేయర్ రోలర్ పట్టీని లాగితే మనిషినీ లాగుతుంది.

– మొదటి రోజు గంట చాలు. ఛాతీ, తొడల మీద కొత్త ఒత్తిడి పడుతుంది. వారం పది రోజుల్లో మెల్లగా పెంచండి.

– నిచ్చెన ఎక్కేముందు స్ప్రింగు ఆపే మీట వేయండి, మీట లేకపోతే విప్పేయండి. ఎత్తిన కాలిని అది కిందికి నెడుతుంది.

– హెర్నియా, ఈమధ్య ఆపరేషన్, గర్భం ఉంటే డాక్టరు ఒప్పుకుంటేనే.

– చెమట పట్టే ప్యాడ్లు ఎవరివి వారికే.