ఒంటి మీద మచ్చలు: చర్మ వ్యాధా, బ్లడ్ క్యాన్సరా?

దద్దుర్లు కనిపించగానే బ్లడ్ క్యాన్సర్ అని టెన్షన్ పడొద్దు, దాదాపు అన్నీ మామూలు చర్మ వ్యాధులే. కానీ ఆ మిగిలిన కొద్దిమందికే ఆయింట్‌మెంట్లు మారుస్తూ మారుస్తూ నెలలు గడిచిపోతాయి, నా బాధంతా వాళ్ల గురించే.

దురద, పొట్టు
మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక రాత్రి నిద్రపోనివ్వని దురద ఉంటే చాలావరకు ఎగ్జిమా. మోచేతుల మీద, తలలో తెల్లటి పొట్టు రాలుతుంటే సోరియాసిస్ కావచ్చు. చర్మ డాక్టర్‌కి చూపించి మందు వాడండి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీమ్ వద్దు.

దురద లేని చిన్న ఎర్ర చుక్కలు
ఆవగింజ కన్నా చిన్నవి, ఎక్కువగా కాళ్ల మీద. గాజు గ్లాసు పక్కభాగాన్ని చుక్క మీద గట్టిగా నొక్కి, గాజులోంచి చూడండి. మామూలు దద్దురైతే ఎరుపు పోతుంది. చుక్క చెక్కుచెదరకుండా అలాగే ఉంటే అది చర్మం కింద చిమ్మిన రక్తం. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఇలాగే వస్తాయి కాబట్టి మన దగ్గర ముందు అదే అనుకుంటారు, అందులో తప్పు లేదు, కానీ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్‌లోనూ ప్లేట్‌లెట్లు అలాగే పడిపోతాయి. ఆ రోజే సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) చేయించండి, స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) కూడా చూడమనండి.

జ్వరంతో పాటు ముట్టుకుంటే నొప్పి పెట్టే ఎర్రటి ఉబ్బులు
స్వీట్ సిండ్రోమ్ కావచ్చు, 1964లో రాబర్ట్ డగ్లస్ స్వీట్ అనే డాక్టర్ దీన్ని వివరించాడు. ఇది వాపు జబ్బే, స్టెరాయిడ్ ఇస్తే కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది. తగ్గింది కదా అని వదిలేస్తేనే ప్రమాదం, ఎందుకంటే కొందరిలో దీని వెనక ఏఎమ్ఎల్ అనే వేగంగా ముదిరే లుకేమియా దాగి ఉంటుంది. రక్త పరీక్ష తప్పనిసరి.

నొప్పీ దురదా లేని గట్టి గడ్డలు
వంకాయ రంగులోనో ఇటుక రంగులోనో ఉండి, ఏ పూతమందుకీ లొంగకుండా పెరుగుతున్నాయా? చిగుళ్లు కూడా ఉబ్బి పళ్ల మీదికి వస్తున్నాయా? అయితే లుకేమియా కణాలే చర్మంలో చేరి ఉండొచ్చు, దీన్నే లుకేమియా క్యూటిస్ అంటారు. కంటితో చూసి ఎంత పెద్ద డాక్టరైనా ఖాయంగా చెప్పలేరు, బయాప్సీ చేసి, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి, ప్రత్యేక పరీక్షలతో ఆ కణాలేవో తేల్చాలి. సీబీపీ నార్మల్ వచ్చినా బయాప్సీ మానొద్దు, అరుదుగా ఇది రక్తంలో కంటే ముందే చర్మంలో బయటపడుతుంది. వైద్యం కూడా గడ్డకి కాదు, లుకేమియాకే చేయాలి.

లుకేమియా అనుమానం ఉంటే శాంపిల్ తీసేలోపు సొంతంగా స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టకండి, కొన్ని రకాల లుకేమియాల్లో అవి కణాలను తాత్కాలికంగా తగ్గించి అసలు జబ్బును కప్పేస్తాయి. ఇప్పటికే వాడుతుంటే మాత్రం హఠాత్తుగా ఆపకుండా, ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి.